ఓల్టులు సరే, హెర్ట్జ్ ఎవరు చూస్తారండీ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో వంటింటి మిషన్ల మీద ఒక పేజీ వేశారు. అందులో కాఫీ మేకర్ గురించి ఉన్నవి రెండే వాక్యాలు. రాత్రి పొడి వేసి, నీళ్ళు పోసి, టైము పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కాఫీ రెడీ అట. అది చదివి మా ఆవిడ పేపరు నా చేతికిచ్చి, "ఇది రాసినవాళ్ళు ఒక వారం మనింట్లో ఉండి వెళ్ళాలండీ" అంది. వాళ్ళు రారు కాబట్టి నేనే రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే కాఫీ పొడి గురించి రాసింది కత్తిరించండి, గడియారం గురించి రాసింది మాత్రం ఉంచండి, ఎందుకంటే ఇలాంటి మిషన్ మా చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి రెండో ఇంట్లో అటక మీద పడుంది.

మాది ఉండి దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లో కాఫీ టైము తెల్లవారుజామున మూడున్నర. పగలంతా నీళ్ళలోని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది, పొద్దుగూకాక అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది, దాంతో తెల్లవారుజాముకి చెరువులో అది బాగా తగ్గిపోతుంది. డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, నాలుగు పీపీఎం (పది లక్షల పాళ్ళలో నాలుగు పాళ్ళు) కిందకి దిగిందంటే మాకు నిద్ర పట్టదు. నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నాయో లేదో, మీటరు ఎంత చూపిస్తోందో చూసుకోవడానికి నేను ఆ వేళకి గట్టు మీద ఉండాలి. కాపలా మనిషి ఉన్నాడు, కాదనను. కానీ అప్పు ఉన్నది నా పేరు మీద కదా, అతని పేరు మీద కాదుగా.

నేను లేస్తే మా ఆవిడా లేచేది. కాఫీ కలిపి ఇచ్చి, నేను వెళ్ళాక మళ్ళీ పడుకునేది, నిద్ర పట్టేది కాదు, ఐదింటికి విసుక్కుంటూ లేచేది. ఏళ్ళ తరబడి ఇదే. పోయిన సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా అమ్మాయి నాలుగు రోజులు ఇది చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య ఈ మిషన్ పెట్టుకొచ్చింది. "అమ్మని నిద్రపోనివ్వు నాన్నా, దీనికి టైము పెడితే అదే కాచి పెడుతుంది" అని, ఉన్న వారం రోజుల్లో మీటలు ఎలా నొక్కాలో మా ఇద్దరికీ నేర్పి, విమానం ఎక్కేసింది.

మిషన్ అడుగున స్టిక్కరు మీద 120 ఓల్టులు, 60 హెర్ట్జ్, 900 వాట్లు అని ఉంది. 120 ఓల్టుల సరుకుని మన 230లో నేరుగా గుచ్చితే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది, కాయిలు మాడిపోతుంది, ఆ మాత్రం జ్ఞానం మాకూ ఉంది. భీమవరం వెళ్ళి ఓల్టులు తగ్గించే 1500 వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. రెండు చేతులతో ఎత్తాలి దాన్ని, పైగా కాఫీ కాచినా కాచకపోయినా తుమ్మెదలా జుమ్మంటూనే ఉంటుంది. కొట్టాయన "ఇంక ఢోకా లేదండీ, నిశ్చింతగా తాగండి" అన్నాడు. స్టిక్కరు మధ్యలో ఉన్న ఆ 60 హెర్ట్జ్‌ని ఆయన పట్టించుకోలేదు, నేను పట్టించుకోలేదు, అమ్మాయి కూడా పట్టించుకోలేదు. అది బీటెక్ చదివింది, ఆ మాట పేపరుకి రాయొద్దంది, రాసేశాను.

టైము పెట్టడం పెద్ద విద్యేం కాదు. గంటల మీట, నిమిషాల మీట నొక్కి ముందు ఇప్పటి టైము పెట్టాలి. తర్వాత ప్రోగ్రాం మీట నొక్కి కాఫీ ఎన్నింటికి కావాలో అది పెట్టాలి. ఆఖర్న ఆటో నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది. పొద్దుటి టైమో సాయంత్రం టైమో చెప్పడానికి అంకెల పక్కన చీమ తలకాయంత చుక్క ఒకటి ఉంటుంది, కళ్ళజోడు లేకపోతే కనపడదు, ఆ చుక్క గురించి మళ్ళీ చెబుతాను. ఆటో మాత్రం రోజూ నొక్కాలి. నిన్న నొక్కాం కదా అని మనం ఊరుకుంటే అదీ ఊరుకుంటుంది.

మొదటి రాత్రి సరిగ్గా తొమ్మిదింటికి అన్నీ పెట్టాం, కాఫీ 3:30కి. మూడున్నరకి నేను లేచి వెళ్ళి చూస్తే మిషన్ చల్లగా ఉంది, గడియారం 2:25 చూపిస్తోంది. చీకట్లో తప్పు పెట్టి ఉంటానులే అనుకుని కాఫీ లేకుండానే చెరువు మీదకి వెళ్ళిపోయాను. ఇంట్లో 4:48కి ఎవరో గొంతు పుక్కిలిస్తున్నట్టు వంటింట్లోంచి చప్పుడు వచ్చి మా ఆవిడ ఉలిక్కిపడి లేచిందట. ఎవరు నిద్రపోవాలని ఆ మిషన్ సముద్రాలు దాటొచ్చిందో సరిగ్గా ఆవిడనే లేపింది.

మర్నాడు రాత్రి తొమ్మిదింటికి చూస్తే గడియారంలో సాయంత్రం 5. మా ఆవిడ ఆలోచించి, "ఇది ఇంకా అమెరికా టైము మీదే ఉందేమోనండీ, అమ్మాయి మాత్రం వచ్చిన కొత్తలో పగలంతా పడుకోలేదా? అలవాటు పడనివ్వండి" అంది. నవ్వుకోండి గానీ అప్పుడు నాకు అంతకంటే మంచి కారణం తోచలేదు. రెండు రోజులు దాని జోలికి పోలేదు. చిత్రంగా ఆ వారం కరెంటు కూడా పోలేదు. మూడో రాత్రి తొమ్మిదింటికి వెళ్ళి చూద్దుము కదా, గడియారం టంచనుగా 9:00! కుదురుకుంది అన్నాం ఇద్దరం. సంబరంగా పొడి వేసి, నీళ్ళు పోసి, ఆటో నొక్కి పడుకున్నాం. మూడున్నరకి కాఫీ లేదు. తెల్లారాక లేదు. మధ్యాహ్నం లేదు. సాయంత్రం 7:12కి, అన్నాలకి కంచాలు పెట్టుకుంటుంటే, గుర్రుమని మొదలెట్టింది. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చీమ తలకాయ పొద్దుటి వైపున ఉంది. ముందు రాత్రి అది చూపించిన తొమ్మిది పొద్దుటి తొమ్మిది.

దీని గుట్టు విప్పింది మా చెరువుల మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ కుర్రాడు. శనివారం ఒక ఏరియేటరు మోటారు విప్పుతూ ఉంటే నా గోడు చెప్పాను. ఇంటికొచ్చి మిషన్ బోర్లించి ఫోను లైటు వేసి చూసి, "బాబాయ్ గారూ, ఇది అరవై సైకిళ్ళ సరుకండీ" అన్నాడు. అయితే ఏంటన్నాను. "మీ మోటారు ప్లేటు మీద 50 హెర్ట్జ్, 1440 ఆర్పీఎం అని ఉంటది, రోజూ చూస్తారు కదండీ. అదే మోటారు అమెరికా కరెంటు మీద అయితే 1700 పైచిలుకు తిరుగుద్దండి. కరెంటు ఎంత వేగంగా ఊగితే మోటారు అంత వేగంగా తిరుగుద్ది. ఇదీ అంతేనండీ."

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. మన కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది, అమెరికాలో అరవై సార్లు. హెర్ట్జ్ అన్నా, సైకిళ్ళు అన్నా ఆ ఊపుల లెక్కే. ఇలాంటి మిషన్లు చాలావాటిలో సొంత గడియారం ఉండదు, వచ్చే కరెంటు ఊపులు లెక్కపెట్టే గుమాస్తా ఒకడు ఉంటాడు, అంతే. అరవై ఊపులు రాగానే ఒక సెకను అని పుస్తకంలో రాసుకుంటాడు. అక్కడ గ్రిడ్‌లో ఆ లెక్క రోజు మొత్తం మీద పెద్దగా తేడా రాదు కాబట్టి, చేతి గడియారాల్లో లాగా సొంతంగా టైము కొలిచే క్వార్ట్జ్ స్ఫటికం విడిగా పెట్టే ఖర్చు కంపెనీకి మిగులుతుంది. ఆ గుమాస్తాని తెచ్చి మన కరెంటు మీద కూర్చోబెడితే, పాపం అరవై ఊపులు రావడానికి సెకను మీద ఇంకో ఐదో వంతు పడుతుంది. గంటకి పది నిమిషాలు వెనకబడతాడు. రోజుకి నాలుగు గంటలు. మూడు రోజులకి పన్నెండు గంటలు, అందుకే ఆ మూడో రాత్రి అంకెలు సరిపోయి చుక్క తప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చేది ఓల్టుల్నే, ఊపుల్ని కాదు. ఎంత పెద్దది కొన్నా అంతే. స్ఫటికం ఉన్న గడియారమైతే ఈ జబ్బు రాదు. కానీ అక్కణ్ణించి తెచ్చిన మైక్రోవేవులకీ, మంచం పక్కన పెట్టుకునే రేడియో గడియారాలకీ ఇదే వస్తుందని ఆ కుర్రాడు అన్నాడు. మా తోడల్లుడి ఇంట్లో మైక్రోవేవ్ గడియారం మీద బట్ట కప్పి ఉంచుతారు, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సరే, జబ్బు తెలిశాక మందు లెక్కే కదా. రాత్రి తొమ్మిది నుంచి మూడున్నరకి ఆరున్నర గంటలు. గంటకి పది నిమిషాల చొప్పున 65 నిమిషాలు తీసేస్తే 2:25. అంటే గడియారం 9:00 అని పెట్టి, కాఫీ టైము 2:25 అని పెడితే అసలు మూడున్నరకి కాస్తుంది. మొదటి రోజు నేను లేచి చూసినప్పుడు గడియారంలో ఉన్నది అదే 2:25, గుర్తుందా. ఆ రాత్రి అలాగే పెట్టాను, మూడున్నరకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా కాచింది. గొప్పగా అనిపించింది. కాకపోతే ఏ రాత్రికారాత్రి రెండు టైములు పెట్టాలి, ఒక రోజు ఎనిమిదిన్నరకి పడుకుంటే ఒకలాగా, పదింటికి పడుకుంటే ఇంకోలాగా. నాలుగు రోజులు నేను వేళ్ళు మడిచి లెక్కలు కట్టడం చూసి మా ఆవిడ, "కాఫీ టైము కదపడం ఎందుకండీ, మూడున్నర మూడున్నరగానే ఉంచండి, గడియారాన్నే ముందుకి జరపండి, తొమ్మిదైతే పదీ అయిదు అని పెట్టండి" అంది. అవును కదా! అది వెనకబడే 65 నిమిషాలూ ముందే అప్పుగా ఇచ్చేస్తే సరిపోతుంది. ఆవిడ చదివింది ఏడో తరగతి. మందులు, మేతల ఖాతా అంతా చూసేది ఆవిడే, అప్పుల సంగతి బాగా తెలుసు.

పొడి సంగతి. అమ్మాయి తెచ్చిన పొడి పది రోజుల్లో అయిపోయింది. మనం స్టీలు ఫిల్టర్లో వాడే చికోరీ కలిపిన మెత్తటి పొడి వేశాను. నీళ్ళు దిగక బుట్ట పొంగి, గట్టు మీంచి కిందకి కారి, పొద్దున్నే వంటిల్లు కాలువ తెగినట్టయింది. దీనికి గోధుమ రవ్వలాగా బరక పొడి కావాలి. భీమవరంలో గింజలు వేయించి మర పట్టే కొట్టులో అడిగితే పట్టి ఇచ్చారు, చికోరీ లేకుండా. కాగితం ఫిల్టర్లు అయిపోయాక మల్లు పంచె చించి గుండ్రంగా కత్తిరించి వాడుతున్నాం, సబ్బు తగలకుండా ఉతుక్కోవాలి, అంతే. ఇది విని అమ్మాయి ముఖం చిట్లించింది గానీ, అసలు ఈ కాగితం ఫిల్టరు కూడా అలా పుట్టిందేనట. 1908లో మెలిటా బెంట్జ్ అనే జర్మన్ ఇల్లాలు కొడుకు నోటు పుస్తకంలోని బ్లాటింగ్ కాగితం తీసి వాడిందని అమ్మాయే చదివి చెప్పింది. ఇక చిక్కదనం. లీటరు నీళ్ళకి 55, 60 గ్రాముల పొడి అన్నది పాలు కలపకుండా తాగేవాళ్ళ లెక్క. ఆ లెక్కన తీసి మన గేదె పాలు కలిపితే కాఫీ తాగినట్టుండదు, పాలకి రంగు వేసినట్టుంటుంది. పావు లీటరు నీళ్ళకి 40 గ్రాములు వేస్తున్నాను నేను.

నీళ్ళ బదులు పాలే పోస్తే ఏకంగా కాఫీయే దిగుతుంది కదా అని మా బంధువు ఒకాయన అడిగాడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. లోపల పంపు ఏమీ లేదు. టాంకులో నీళ్ళు అడుగున సన్నటి గొట్టంలోకి దిగుతాయి, కాయిలు వేడికి అక్కడ మరిగి, ఆ బుడగలే నీళ్ళని పైకి తోస్తాయి, వెనక్కి పోకుండా ఒక చిన్న వాల్వు, మన బోరు మోటారు ఫుట్‌వాల్వు లాంటిదే. ఆ గొట్టంలో పాలు మాడితే ఇక మిషన్ పారెయ్యడమే. నీళ్ళు కూడా టిన్ను నీళ్ళే పోస్తాం, మా బోరు ఉప్పు తగిలితే ఆ గొట్టం ఎన్నాళ్ళుంటుంది? అయినా తెల్లటి పూత పట్టినట్టు అనిపిస్తే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు ఒకసారి, ఉత్త నీళ్ళు రెండుసార్లు తిప్పితే పోతుంది.

కరెంటు పోతే మాత్రం చేసేదేం లేదు. వాన మబ్బు పట్టి పది క్షణాలు కరెంటు పోయి వచ్చినా గడియారం 12:00 దగ్గర కన్ను కొడుతూ ఉంటుంది, ఆటో లైటు ఆరిపోతుంది. కాసేపు జ్ఞాపకం ఉంచుకునే మిషన్లు ఉన్నాయట, మాది ఆ రకం కాదు. ఇన్వర్టరు మీద నడపలేం, ఫ్యాన్లూ లైట్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టరు 900 వాట్లకి కూతపెట్టి పడుకుంటుంది. అయినా రాత్రి కరెంటు పోయిందంటే కాపలా మనిషి ఫోను వస్తుంది, జనరేటరు దగ్గరకి పరిగెత్తాలి, అప్పుడు కాఫీ ఎవరికి కావాలి?

ఇంత కథ విన్నాక మీరు అడగబోయేది మా ఆవిడ ఎప్పుడో అడిగింది. పాలు రాత్రే కాచి ఫ్రిజ్‌లో పెడుతున్నాం, మూడున్నరకి గిన్నెలో వేడి చేసుకునేది నేనే, పంచదార వేసుకునేది నేనే. డికాషన్ కూడా తొమ్మిదింటికి స్టీలు ఫిల్టర్లో వేసేస్తే మూడున్నరకి దిగి ఉంటుంది కదా, దానికి గడియారం ఎందుకు, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు, హెర్ట్జ్ ఎందుకు? నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబు చెప్పడానికి సిగ్గు. ఫోను అలారం మోగితే ఇద్దరం లేస్తాం. ఆ మిషన్ గురగుర ఇప్పుడు ఆవిడకి అలవాటైపోయింది, కదలదు, నాకు మాత్రం చప్పుడు కంటే ముందు వాసన తగిలి మెలకువ వస్తుంది. ఆదివారం వీడియో కాల్లో అమ్మాయి "పనిచేస్తోందా నాన్నా" అని అడుగుతుంది, అది ఇంకో కారణం.

ఇంతకీ మీ పత్రికకి నేను చెప్పేది, మళ్ళీ ఇలాంటి పేజీ వేసినప్పుడు ఓల్టుల పక్కన హెర్ట్జ్ కూడా చూసుకోమని ఒక ముక్క రాయండి. టైము పెట్టే మిషన్ ఏదైనా సరే 50 హెర్ట్జ్ అనో, 50/60 అనో ఉంటేనే పిల్లల్ని తెమ్మనండి. ఇక్కడే కొనేవాళ్ళు గడియారం లేని మామూలు కాఫీ మేకర్ కొని, గోడకి టైమరు ప్లగ్గు పెట్టుకుంటే చాలు, నేనే అయితే ఇప్పుడు అదే కొంటాను. కానీ ఆ కాఫీ మేకర్‌కి టక్కున పడి అలాగే ఉండిపోయే స్విచ్చి ఉండాలి. తాకితే వెలిగే ఎలక్ట్రానిక్ మీటలున్నవి కరెంటు వచ్చినా వాటంతట అవి మొదలుకావు, మనం వెళ్ళి మళ్ళీ నొక్కాలి, అప్పుడు టైమరు ఎందుకు? టైమరుల్లో కూడా పళ్ళ చక్రంలా తిరిగే రకం కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది, గంట పోతే గంట ఆలస్యం. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ రకం టైము మర్చిపోదు. కొట్టువాళ్ళు ఇవేమీ చెప్పరు, వాళ్ళనీ అనలేం, అడిగేవాళ్ళు ఉంటే కదా. అడిగినా ఇచ్చే కాగితం ఇంగ్లీషులో, చీమ తలకాయ సైజు అక్షరాల్లో ఉంటుంది.

రాస్తూ రాస్తూ చూసుకోలేదు, తొమ్మిదీ ఇరవై అయింది. మూడున్నరకి ఇంకా ఆరు గంటల పది నిమిషాలు, గంటకి పది చొప్పున 62 నిమిషాలు. "పదీ ఇరవై రెండు పెట్టండి" అని లోపల్నించి మా ఆవిడ అరుస్తోంది. ఉంటాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఉండి దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా